రెండో సీటు

డాబాగార్డెన్స్‌లో, రెండో అంతస్తులో,
జోగారావు గారి బల్ల మీద అన్నీ పడవల ఫారాలే.
విమానానిది హైదరాబాదు నుంచి తెప్పించాడు,
మడత ఇంకా విప్పలేదు.
"హల్ అంటే దీనికీ హల్లే కదమ్మా" అన్నాడు
ఇరవై ఏళ్ళుగా మా బోట్లకి ప్రీమియం కట్టించుకున్న మనిషి,
పెన్ను మూత పంటితో లాగుతూ.

మునిగేది ఒకటి, పడేది ఒకటి.
ఫారంలో రెంటికీ ఒకటే గడి.

మాది ఐసు ఫ్యాక్టరీ.
చేప కొనేటప్పుడు అమ్మేవాళ్ళ మాట వినం,
చెంప ఎత్తి మొప్ప రంగు చూస్తాం.
విమానం కొనడానికీ నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

మొదటిది నాగపూర్‌లో చూశాను.
నాలుగు సీట్లు, కొత్త పెయింటు, పెళ్ళికొడుకు నిగనిగ.
ఇంజనీరు గుణశేఖర్ ఏమీ అనకుండా
రెక్క కింద మూత విప్పి టార్చి నా చేతిలో పెట్టాడు.
రివెట్ల చుట్టూ తెల్లటి పొడి,
చొక్కా మీద ఎండిన చెమటలా.
"ఇంతకుముందు ఎక్కడుండేది?"
"సముద్రం పక్కనే మేడమ్, భలే గాలి!"
ఉప్పు సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
మా ఫ్యాక్టరీ గేటు ఇప్పటికి మూడుసార్లు మార్చాం.

రెండోది మైసూరులో.
రెండే సీట్లు. నాకంటే మూడేళ్ళు పెద్దది.
చిరిగిన సీటు గుడ్డని ఎవరో నీలం దారంతో కుట్టారు.
గోనెసంచిలో మూడు లాగ్‌బుక్కులు.
తొంభై నాలుగులో ముక్కు నేలకి కొట్టుకుందని,
ప్రొపెల్లరు మార్చామని,
దాచకుండా, గుండ్రటి చేతిరాతలో.
ఆ వాక్యం చదివాకే నాకు నమ్మకం కుదిరింది.

మా ఎల్లాజీ ఫోన్లో అడిగింది ఒకటే:
"రెండే సీట్లేటి? గుంటలిద్దర్లో ఎవుల్ని ఒగ్గేత్తావు?"
ఒకసారికొకరు అన్నాను.
తన సంగతి అడగలేదు.

జోగారావు చదువుతున్నాడు.
రాత్రిళ్ళు ఎక్కడ ఉంచుతారు? షెడ్డులో.
షెడ్డు పైకప్పు? రేకు.
ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.
హుద్‌హుద్ ఏడు ఆయన మా వాళ్ళవి ఎనిమిది బోట్లకి క్లెయిమ్ రాశాడు.
తొమ్మిదోదానికి గడువు నాలుగు రోజుల ముందే దాటింది.
అది మా చిన్నాన్నది.

"తుఫాను హెచ్చరికొస్తే?"
"ఎగరేసుకుని పోతాను."
"బోటు వాళ్ళూ అదే అంటారమ్మా" అని
గడిలో ఏదో రాసుకున్నాడు.

పైలట్ అనుభవం, గంటల్లో?
అరవై మూడు.
పెన్ను ఆగింది.
మా బోటు ఒక్క వేటకి పోతే
అంతకంటే ఎక్కువసేపు నీళ్ళ మీద ఉంటుంది, తెలుసు.
కానీ ఆ అరవై మూడులో ఒక గంట ఉంది.
నేవీ టవరు చెప్పిన ఎత్తు తప్పకుండా వస్తుంటే
యారాడ కొండ వెనక గాలి ఒక్కసారి కిందికి లాగి
కడుపు గొంతులోకొచ్చిన గంట.
తేరుకుని చూస్తే హార్బరులో బోట్లన్నీ
ఒలికిన అగ్గిపుల్లల్లా ఉన్నాయి.
మాది ఏదో గుర్తుపట్టలేక ఏడుపొచ్చింది.
దానికి ఫారంలో గడి లేదు.

షరతు: మొదటి ఇరవై గంటలు
పక్కన ఇన్‌స్ట్రక్టరు ఉండాలి.
రెండో సీటు ఎవరిదో అలా తేలింది.
పిల్లలకి ఇంకా చెప్పలేదు.

చివరి గడి, విలువ.
"పూర్తిగా పోతే ఎంతివ్వాలో
ఇప్పుడే మనం ఒప్పుకోవాలమ్మా."
తాళం ఇంకా చేతికి రాలేదు,
పోయాక ఎంతో రాస్తున్నాను.
అంకెల్లో రాశాను, అక్షరాల్లో రాశాను.
ఆ నీలం దారం అందులోకి వచ్చిందో లేదో.

జోగారావు స్టాంపు వేశాడు. మూత పెట్టాడు.
కాగితాల వైపు చూస్తూ, గొంతు తగ్గించి,
"ఇరవై గంటలూ అయ్యాక...
నాకు కళ్ళు తిరుగుతాయనుకోండి,
కానీ భీమిలి దాకా అయితే..."