పలకాకు

షట్టరు దించుతుంటే తెగింది చెయ్యి,
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ,
పదిహేనేళ్ళుగా మాత్రల అట్టలు కత్తిరించే
కత్తెర ఆనే చోటే.

మూసాపేటలో రాత్రి పదకొండు దాటింది.
చివరి మెట్రో నెత్తి మీదుగా వెళ్ళిపోయింది.
నెత్తుటి వేళ్ళలోంచి తాళంచెవులు జారి
మురుగు కాలువ జాలీలో పడ్డాయి.
దూది, అయోడిను, పట్టీలు,
మూడు కంపెనీల ఆయింట్‌మెంట్లు
అన్నీ నావే.
అన్నీ షట్టరు అవతలే.

రోడ్డూడ్చే తుల్జమ్మ చీపురు ఆపింది.
నారింజ కోటు మీది మెరుపు పట్టీలు
లారీ లైటుకి ఒకసారి వెలిగి ఆరాయి.
"గట్టిగ ఒత్తి పట్టుకో సారూ" అని
మెట్రో స్తంభం మొదట్లో
సిమెంటు పగిలిన చోట వంగింది.

అక్కడ ఏముందో నాకు తెలుసు. ఏమీ లేదు.
గుట్కా మరకలు, బీరు సీసా మూతలు,
జానెడు కాడ మీద
చొక్కా గుండీ అంత పసుపూ తెలుపూ పువ్వు.
రోజూ చూస్తాను గనక
ఎప్పుడూ చూడలేదు.

ఆకులు అరచేతిలో వేసుకుని నలిపింది,
తన సీసాలో నీళ్ళు రెండు చుక్కలు పోసి.
పసరు గాయంలోకి దిగింది.
మండింది.
ఎక్కడిదో ఎండాకాలపు బడి,
బొగ్గూ ఆకూ కలిపి నూరి పలక నల్లగా తోమిన వాసన
ముక్కులోకొచ్చి
"పలకాకు!" అన్నాను.

"పలకలు ఎవలకుండె సారూ" అంది తుల్జమ్మ,
"మాకు గిది కొడవలాకు."

పసరు ఇంకాసేపు మండింది.

నెత్తురు ఆగిందా అంటే, ఆగింది.
ఆకు వల్లో, ఆమె వేలి బిగువు వల్లో,
ఫార్మసీ చదివినవాణ్ణి, తేల్చి చెప్పలేను.
మర్నాడు టీటీ సూది కూడా వేయించుకున్నాను,
దాచడమెందుకు.
ఇనప చువ్వ వంచి తాళంచెవులు తీసిందీ ఆమే.
నోటు తీయబోతే
"గడ్డికి గూడ బిల్లేస్తవా?" అని
చెత్తబండి నెట్టుకుంటూ పోయింది.

పది రోజులకి సుందరీకరణ వచ్చింది.
సూపర్‌వైజరు ఫోన్లో ఫోటోలు తీస్తున్నాడు:
ముందు, తర్వాత.
పిచ్చిమొక్కలు పీకే పని తుల్జమ్మకే పడింది.
అద్దం వెనక నిలబడి చూశాను.
గుప్పిట పట్టి పటుక్కున తుంచుతోంది,
నేలకి ఓ వేలెడు పైన.
సూపర్‌వైజరుకి నేలే కనబడుతుంది ఫోటోలో,
దాని కింద సంగతి అతనికక్కర్లేదు.
ఒక్కసారి నా వైపు చూసిందనుకుంటాను.
లేదు, బస్సు వైపేమో.

ఇప్పుడక్కడ తొట్లలో
పేరు తెలియని గులాబీరంగు పూలున్నాయి.
వారానికోసారి ట్యాంకరొచ్చి నీళ్ళు పోస్తుంది.

నిన్న గిరాకీ లేని మధ్యాహ్నం
గల్లాపెట్టె మీద దూది పింజొకటి వాలింది.
ఊదేయబోయి ఆగాను.
అడుగున నువ్వుగింజలో సగం, నల్లగా.
అలవాటు కొద్దీ తిప్పి చూశాను,
గడువు తేదీ కోసం.