కండె

కేజీహెచ్‌లో పదకొండు రోజులుండి
జాలారిపేట ఇంటికొచ్చాక
నా కుడిచెయ్యి నాది కాదు.
ఎవరో మరిచిపోయి వెళ్ళిన సామానులాగ
మంచం మీద నా పక్కనే పడుకుని ఉండేది.
నోరూ అంతే.
చాలా మాటలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి గాని
కొన్ని గంగలోనే ఉండిపోయాయి.

ఫిజియోథెరపీ పిల్ల హేమసుందరి
పసుప్పచ్చ రబ్బరు బంతి చేతికిచ్చి
"రోజుకి మూడొందలసార్లు నొక్కాలి తాతా" అంది.
బుర్రలో ఒక దారి మూసుకుపోయిందట,
పక్కనించి ఇంకోటి వేసుకోవాలట.
ఎవరు వేస్తారమ్మా అన్నాను.
"నడిస్తేనే పడుద్ది" అంది.

బంతికీ నాకూ పొసగలేదు.
వీధికుక్క ఒకటి దాన్ని ఎత్తుకుపోయింది.
నేను వెతకలేదు.

అప్పుడు మసేనమ్మ
తెగిన వల తెచ్చి నా ఒళ్ళో పడేసింది.
జాలారోడికి పుట్టి వల ముడి రాదని
మా అయ్య పోయేదాకా తిట్టినవాణ్ణి నేను.
ముప్పయ్యొక్కేళ్ళు డ్రెడ్జర్ మీద ఇసుక తోడినవాణ్ణి.
"ఎలాగెయ్యాలే?"
"ఇలాగ."
అయిపోయింది ముడి.
నెమ్మదిగా చూపించమన్నాను.
నెమ్మదిగా వేస్తే ఆమెకే రాలేదు.
నూలు ఎటు తిప్పాలి, బొటనవేలు ఎక్కడ నొక్కాలి,
రెండుసార్లు తప్పి, సిగ్గుపడి,
కళ్ళు మూసుకుని గబుక్కున వేసేసి
"నన్నడక్కు, సేతినడుగు" అంది.
ఏడేళ్ళ వయసునించీ వేస్తున్న ముడి
మాటలకందని లోతుకి దిగిపోయింది.

నాకు మొదటిరోజు నాలుగు ముళ్ళు.
నాలుగూ జారాయి.
రెండోరోజుకి నాలుగూ మరిచిపోయాను.
బద్ద విసిరికొట్టాను, అన్నం మానేశాను.

పనిలో చేరిన ఏడు
సరంగుని అడిగాను ఒకసారి:
హార్బరు మొగలో ఇసుక తవ్వడం ఎప్పటికి పూర్తవుద్ది?
దక్షిణంనించి కదిలొస్తూనే ఉంటుంది ఇసుక.
నిరుడేగా తవ్వాం అంటే గంగ వినదు.
సరంగు బీడీ ఆర్పి నవ్వాడు.
"పూర్తవదురా ఎల్లాజీ.
ఓడ లోపలికొచ్చిందా, అదీ లెక్క."

ఆ ఇసుకే గొట్టాల్లోంచి వెళ్ళి
బీచి ఒడ్డున పడేది.
దానిమీద కూర్చుని జనం మురీ మిక్చర్ తినేవారు.
పోయిందనుకున్నది ఎక్కడో పరుచుకుని ఉంటుందని
అప్పుడు నాకు తోచలేదు.

మళ్ళీ బద్ద తీసుకున్నాను.
మరిచిన ముడి గుర్తు రావడానికి
ఒకరోజు గంట పట్టింది,
మర్నాడు అరగంట,
ఆదివారం, కాఫీ చల్లారేలోపల.
రాత్రి నిద్దట్లో నీ వేళ్ళు
దుప్పటి అంచుని మెలిపెడుతున్నాయంది మసేనమ్మ.
నేను పడుకున్నాక కూడా
లోపల ఎవరో డ్యూటీ దిగలేదన్నమాట.

తుఫానొచ్చి నాలుగురోజులు కరెంటు లేదు.
వల ముట్టలేదు.
అంతా కొట్టుకుపోయి ఉంటుందనుకున్నాను.
ఐదోరోజు పొద్దున్న
ముడి ఎక్కడుందో తెలియక
చీకట్లో గోడ తడిమినట్టు తడిమి తడిమి
వేశాను.
లాగితే జారలేదు.
నేర్పినప్పుడు కాదు,
మరిచి వెతుక్కున్నప్పుడు బిగిసింది.

ఇప్పుడు రోజుకి రెండు బారల వల బాగుచేస్తాను.
నా ముళ్ళు వంకర. చేపకి అభ్యంతరం లేదు.

ఒక్కటే మిగిలింది.
నూలు చుట్టుకుని చేతిలో ఆడే ఈ వస్తువు పేరు
చెయ్యికి తెలుసు,
నాలిక్కి రాదు.
"ఏటది?" అంటుంది మసేనమ్మ పొద్దున్నే
ఇడ్లీ పళ్ళెం దూరంగా పట్టుకుని.
"కొండ" అంటాను.
అవతల యారాడ కొండ
తనని పిలిచాననుకుని చూస్తుంది.
"కొండ కాదు."
"కుండ."
"కాదు."
"కం..."
పళ్ళెం ఒక అంగుళం దగ్గరకొస్తుంది.
"ఊఁ, ఇంకోపాలి."