పుర్రచేతి కత్తి

జోలింగెన్‌లో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
స్టూడియోలో మాత్రం మేం పెట్టిందే పొద్దు.

నేను ఫొటోలు తీయను.
కెమెరా నుంచి నా బల్లదాకా పాకే నారింజరంగు తీగకు
ఈ చివర కూచుంటాను.
రెండువందల పద్నాలుగు కత్తులు, కత్తికి ఆరు కోణాలు,
అన్నిటికీ పేర్లు పెట్టేది నేనే,
బారసాల లేని పేర్లు:
కె-ఎల్, సున్నా ఏడు మూడు, పక్కనుంచి, రెండోసారి.

ఇల్కెర్ తెల్లటి చేతితొడుగులతో
నిద్రపోతున్న పామును ఎత్తినట్టు
ఒక్కో కత్తినీ ఎత్తి పడుకోబెడతాడు.
ఉక్కు అద్దం కదా, గదంతా అందులో దూరుతుంది:
గొడుగు దీపం, నిచ్చెన, హెన్నింగ్ బట్టతల.
ఆ నల్ల అట్టముక్క అంగుళం జరుపు, హెన్నింగ్.
ఇంకాస్త. చాలు. కదలకు.
క్లిక్.
బొమ్మ నా తెరమీద వాలేలోగా
రెండు డిస్కుల్లో దాని కవలలు.

రాత్రి అవి వార్సా వెళ్తాయి, దుమ్ము దులిపించుకోడానికి.
తెల్లారేసరికి కడిగిన మొహాలతో తిరిగొస్తాయి.
లెక్క సరిపోయింది. రంగు సరిపోయింది. పేర్లూ సరిపోయాయి.
నా పట్టికలో గడులన్నీ పచ్చబడ్డాయి.

ముద్రణకు పంపబోతుంటే
పెట్టెలు తీసుకుపోడానికొచ్చిన క్లోప్‌హౌస్ తాత,
నలభై ఏళ్లు సానరాయి ముందు వంగిన మనిషి,
నా భుజం మీదుగా తొంగిచూసి
"ఇది నేను పట్టిన సాన కాదు" అన్నాడు.

పేరు చూపించాను. నంబరు చూపించాను.
ఆయన పెట్టెలోంచి డెబ్బై మూడోది తీసి
తెర పక్కన పట్టుకున్నాడు.
"పుర్రచేతి వాటం వాళ్లది ఇది. వాలు ఎడమ చెంపకే ఉంటుంది.
మీరు కుడిచేతి వాళ్లకు ఇచ్చేశారు."

తీగ లాగాను.
పేజీలో పిడి ఎడమవైపు రావాలని ఎవరో అడిగారట.
రాత్రి రెండింటికి బోగ్నా బొమ్మను అద్దంలోలా తిప్పేసిందట.
తిరగబడ్డ కంపెనీ ముద్రను మాత్రం
ఒక్కో అక్షరమే ఒలిచి సరిగ్గా అతికిందట.
ఎంత పొందిగ్గా అతికిందో! నేను మూడుసార్లు చూసీ పట్టుకోలేదు.

విప్పేసిన దీపాలు మళ్లీ నిలబెట్టాం.
ఇల్కెర్ ఆకలిగా ఉందన్నాడు, ఎవరూ పలకలేదు.
తాత పెట్టెమీద కూచుని
టోపీ ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు,
కొత్త ఫొటోలో ఆ టోపీ అంచు పడింది, మళ్లీ తీశాం.

ఆ రాత్రి పట్టికలో ఇంకో వరుస కలిపాను.
పదమూడువందల బొమ్మలకు పేర్లు పెట్టినదాన్ని,
దానికేం పెట్టాలో తోచలేదు.
ఇప్పటికైతే "క్లోప్‌హౌస్" అని ఉంది.

గురువారాలు ఆయన రాడు.