మద్దికెర గేటుకాడ

రాత్రి పదిన్నరకు నా ఫోను టింగుమనింది:
"మీ అబ్బాయిని అపరిచితుడు ఫోటో అడిగాడు. ఆపాం."

ఆటలో వజ్రాలిస్తాడంట,
నాయనకు చెప్పకుండా ఒక్కటి పంపితే.

మద్దిలేటి నాతో మాటలు మానేసినాడు.
జొన్నరొట్టె ముట్టలా.
"నా ఫోనుకు నువ్వు బీగమేసేదేంది?"

పదైదేండ్లుగా ఈ గేటేస్తాండా.
మోటారుసైకిలోళ్లు వంగి దూరతారు,
శెనక్కాయల లారీ హారన్ కొడతానే ఉంటాది,
ఒకాయనైతే దిగొచ్చి మా అమ్మను తిడతాడు.

రైలు పోతాది.
గేటెత్తినంక
తగలని రైలు ఎవరికి గుర్తుంటాది?

పొద్దున్నే వాడొచ్చి
బెంచీ మీద కూచున్యాడు, కొంచెం ఎడంగా.
"ఆయప్ప... ముందు గూడా అడిగినాడు నాయనా."

పచ్చజెండా పక్కనబెట్టి
నా టీ సగం వాడి గ్లాసులో పోసినా.
చెప్పురా.
ఇంకా గంటసేపు ఏ బండీ లేదు.