ఒంటి మనిషికి రూం లేదు

రైల్వే స్టేషన్ ఎదురు సందులో మా లాడ్జి.
కౌంటరు పైన ఎర్ర రంగుతో నేనే రాసిన బోర్డు:
ఒంటి మనిషికి రూం ఇవ్వబడదు.
ఎందుకని అడిగినోళ్ళకు
ఓనరు రూలప్పా అంటాను.
ఫ్యాను కొక్కేల సంగతి చెప్పను.

ఎనబై ఆరో ఏడు, కార్తీకం చివర.
మస్తాన్ తన వీడియో షాపు షట్టరు సగం దించి
రా అన్నా అని పిలిచినాడు.
రుయా డాక్టరొకాయన లండన్లో చదివొస్తా తెచ్చుకున్న క్యాసెట్టంట,
బూజు పట్టింటే తుడవమని ఇచ్చిపోయినాడు.
పాతకాలం బిలాతీ సస్పెన్సు సీరియలు. వారానికొక కథ.
ఈ వారం చచ్చినోడు వచ్చే వారం లేచిరాడు,
ముందు అదే నచ్చింది నాకు.

నలుపూ తెలుపూ. వాన.
మన వాన కాదు, చప్పుడు లేకుండా తడిపే రకం.
సముద్రం పక్కన సత్రం లాంటి ఇల్లు.
ఒక్కడే వచ్చినాడు, చేతిలో తోలుపెట్టె.
గల్లా కాడ ముసిలాయన ఊరూ పేరూ అడగలా,
తాళం చేతిలో పెట్టేసినాడు.
"నీకంటే మేలు గదన్నా" అని మస్తాన్ నవ్వినాడు.
ఇంగ్లీషు మా ఇద్దరికీ అంతంతమాత్రం.
మెట్లు కిర్రుమనేదానికి ఏ భాషయితే ఏమి.

నడిరేయి ముసిలాయన టీ ట్రే పట్టుకుని పైకెక్కినాడు.
సాసర్లో కప్పు వణుకుతా ఉంది.
చెవి తలుపుకు ఆనించినాడు.
లోపల ఏందో ఈడ్చిన చప్పుడు.
గుండ్రటి పిడి మీద చెయ్యి. తిప్పినాడు,

టపీమని పచ్చ మైదానం!
తెల్ల ప్యాంట్లు. చప్పట్లు.
ఎవడో పుణ్యాత్ముడు అదే టేపు మీద
క్రికెట్ మ్యాచ్ ఎక్కించుకున్నాడు.
ముందుకు తిప్పినాం, ఎనక్కి తిప్పినాం.
తలుపు తెరుచుకునే చోట ప్రతిసారీ
ఒకడు బంతి కోసం పరిగెత్తుతానే ఉండాడు.

తిరిగొచ్చి కౌంటర్లో కూర్చున్నానో లేదో
ఒకాయన. ఒక్కడే.
ధర్మలింగం, వాయల్పాడు, టమోటా మండీలో కాటా పని.
కొత్త గుండు, పెచ్చులు లేచిన గంధం,
చెవి ఎనక మంగలి మరిచిపోయిన ఒక పోచ.
కొండ దిగేసరికి లాస్టు బస్సు పాయె అన్నాడు.
బోర్డు వైపు చూసినాడు. చదువొచ్చినట్టే ఉంది.
నేనెందుకు తాళం తీసిచ్చినానో
ఈ పొద్దుకీ చెప్పలేను.
పదిహేడు. మూడో అంతస్తు. చివర.

రెండు దాటింది. మద్రాసు బండి కూతేసి పోయింది.
నీళ్ళ చెంబు సాకు పెట్టుకుని ఎక్కినా.
చెంబు మీద గ్లాసు టకటకా కొట్టుకుంటా ఉంది.
పదిహేడు ముందర నిలబడగానే
లోపల మంచం ఈడ్చిన చప్పుడు.
తర్వాత ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం
అంత గట్టిగా వినపడుతుందని అప్పుడే తెలిసింది.
పిడి మీద చెయ్యేసినా. వేలెడంత తిరిగింది.
వదిలేసినా.
తట్టలేదు. పోలేదు. గోడకానుకుని కూలబడినా.
ఫ్యాను తిరుగుతున్నంత సేపూ
కొక్కేనికి వేరే పని పడలేదులే అని
రెక్కల చప్పుడు లెక్కపెట్టుకుంటా కూర్చున్నా.

నాలుగున్నరకు ఫ్యాను ఆగింది.

నా ఊపిరి కూడా.
వరండా బల్బూ, వీధి లైటూ ఆరిపోయినాయని,
పోయింది కరెంటేనని
బుర్రకెక్కేదానికి ఎంతసేపు పట్టిందో.

తెల్లారి దిగొచ్చినాడు, కండ్లు ఎర్రగా.
తాళం బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి,
"సామీ, ఏమనుకోవద్దు.
రాత్రంతా ఎవడో నా తలుపు కాడ కూచోనుండాడు.
గలగలమని ఏదో ఇనుము పట్టుకోనొచ్చినాడు.
మంచం అడ్డమీడ్చి దానిమీదే కూచున్నా.
పిడి కూడా తిప్పినాడు సామీ,
గోవిందా గోవిందా అనుకుంటా తెల్లారబెట్టినా.
ఒంటి మనిషికి ఇట్లాంటి చోట రూం ఇస్తారా ఎవరన్నా?"

చిల్లర రెండు రూపాయలు ఎక్కువే ఇచ్చినా.
లెక్క చూసుకోకుండా పోయినాడు.
చెంబు ఇంకా పైనే ఉంది, పదిహేడు ముందర.

సాయంత్రం డాక్టరు వచ్చి క్యాసెట్టు తీసుకుపోయినాడంట.
మ్యాచ్ చెడిపోలేదు కదా, మ్యాచ్ చెడిపోలేదు కదా
అని రెండు సార్లు అడిగినాడంట.
కథ సంగతి మస్తాన్ అడగలా.
అడిగి రమ్మని
నేనూ పంపలా.