ఆరు గజాలు

లాకుల దగ్గర మొదలుపెట్టాను.
పదకొండు బోర్డులు, బోర్డుకి నూట ఎనభై,
రంగు వాళ్లది, నిచ్చెన నాది.
అరవై మీద తెలుపు కొట్టి నలభై రాయాలి.

సున్నా జోలికి పోనక్కర్లేదు.
ఆరు ఒక్కటే చెరపాలి.
పన్నెండేళ్ల కిందట ఈ చేత్తోనే రాశాను దాన్ని.
పొట్ట గుండ్రంగా వచ్చిందని
నిచ్చెన దిగి, వెనక్కి నడిచి,
తల వంచి చూసుకున్నాను కూడా.

ఎడంపక్క కాలవ. కుడిపక్క రొయ్యల చెరువులు,
రాత్రీ పగలూ నీళ్లు చిలికే ఏరేటర్లు.
మధ్యన రోడ్డు.
ఒక లారీ, ఒక సైకిలు, రెండూ కలిసి పట్టవు.
కోతలప్పుడు అందులో సగం ఆరబోసిన ధాన్యానిది,
మిగతా సగం ఎవరిదో ఎవరూ రాసివ్వలేదు.

ఏఈ గారు చిన్నపిల్ల,
హెల్మెట్టు తీయకుండానే లెక్క చెప్పింది:
"అరవైలో పోయే బండి
సెకనుకి పద్దెనిమిది గజాలు పోద్దండి.
నలభైలో పన్నెండు.
ఇది బ్రేకు మీద కాలు పడకముందు సంగతి.
ఆగడం ఆ తర్వాత మాట."

నాకు లెక్కలు రావు గాని
పద్దెనిమిదిలో పన్నెండు పోతే మిగిలేది తెలుసు.
మా ఆవిడ ఉతికిన చీర
ఆ కొస తనూ, ఈ కొస నేనూ పట్టుకుని
రోజూ విదిలిస్తాం.

మూడో బోర్డు దగ్గర
ఐసు లారీ ఆపి తల బయటపెట్టాడు బుల్లెబ్బాయి.
"బాబాయ్, ఇక్కణ్ణుంచి హైవే తొమ్మిది కిలోమీటర్లు.
నీ నలభైకి నాకు నాలుగున్నర నిమిషాలు పోద్ది.
రొయ్య ఆగుద్దా నాకోసం?
లేటైతే కోసేది నా కిరాయే కదా!"
అబద్ధం కాదు.
వాడి కళ్లల్లో మూడు రాత్రుల ఎరుపు.
నాలుగున్నర నిమిషాల్లో ఎంత ఐసు కరుగుద్దో
ఇద్దరం నిలబడి ఆలోచించాం. తేలలేదు.
ఆలోచించడానికే ఆరు నిమిషాలు పట్టిందని
వాచీ చూసుకుని, నన్ను తిట్టి, బండెక్కాడు.

ఏడోది తూము మలుపు.

షెడ్డులో రాత్రంతా రొయ్యల తలలు గిల్లి
తెల్లారగట్ల సైకిలు మీద ఇంటికొస్తోంది సత్యవేణి.
మనిషి కాలవలో దొరికింది.
చెప్పులు రోడ్డు మీద.
క్యారేజీ గట్టున, మూతైనా ఊడకుండా.
గుద్దిన బండి ఏదో ఇప్పటికీ తెలీదు.
ఎంత స్పీడులో ఉందంటే
ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పారు.
ఎనభై అన్నారు, నూరన్నారు.
నేనేం అనలేదు.
సరిగ్గా నేను రాసినంతే ఉండొచ్చు.

షెడ్డు ఆడవాళ్లు పనులు మానుకుని
ఆరు నెలలు అర్జీలు పట్టుకు తిరిగితే
వచ్చిన నలభై ఇది.

ఒక్క కోటు తెలుపుకి ఆరు చావదు.
తడి ఆరేకొద్దీ కిందనుంచి లేచొస్తుంది
బురద నీళ్లలో జెల్లలాగ.
కాంట్రాక్టులో ఒక్క కోటే ఉంది.
ఇక్కడ రెండు వేశాను.
ఆరేదాకా గట్టున కూర్చుని మూడోదీ వేశాను.

కూర్చున్నంతసేపూ బాతుల మంద దాటుతూనే ఉంది,
వెనకాల వెదురుకర్రతో ఓ కుర్రాడు.
బాతులకి చదువు రాదు, తొందరా లేదు.
కాలేజీ బస్సు హారను కొట్టింది,
కొట్టింది,
మానేసింది.

పొద్దుగూకేసరికి పదకొండూ అయ్యాయి.
నిచ్చెన టీవీఎస్‌కి కట్టుకుని వస్తూ
ఊరి మొగలో చూసుకున్నాను.
ముల్లు యాభై మీదుంది.
నా నలభై ఎప్పుడు వెనక్కి పోయిందో చూళ్లేదు.

ఇంటి దగ్గర
ఆవిడ తడిచీర కొస అందించింది.
బిగిసేదాకా వెనక్కి నడిచాను.
ఇంతే. ఇంత దూరమే.
మా మనవరాలు చీర కిందనుంచి
అటు దూరి, ఇటు దూరి,
నవ్వుతూ మళ్లీ అటు.

"విదిలించవేం?" అంది ఆవిడ.