ఇరవై నాలుగు

వానొస్తేనే వస్తాదండీ ఈ రోగం, అన్నాడు లోవరాజు,
ఎండలో అడిగితే బండి ఒప్పుకోదు.

ఆకివీడు నుంచి హౌరాకి చేపల లోడు.
పన్నెండు టైర్లు. బాడీ కిందనుంచి
ఐసు నీళ్లు ఉప్పుగా కారుతున్నాయి.
సిద్ధాంతం బ్రిడ్జి ఇంకా ఎక్కనేలేదు,
వైపరు ఒక చెయ్యి ఊపి ఆగిపోయిందట,
హెడ్‌లైట్లు కునికిపాట్లు పడ్డాయట.
నా షెడ్డు ముందు ఆగేసరికి వాన తెరిపిచ్చింది.
లైట్లు చూడబోతే పెళ్లివారిల్లు.

రావులపాలెంలో ఆల్టర్నేటరు మార్చారు,
తునిలో బ్యాటరీలు, రెండూ కొత్తవే,
అనకాపల్లిలో ఒకాయన ఫ్యూజులన్నీ పీకి
ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టి
మూడొందలు తీసుకున్నాడు.
అన్నిచోట్లా ఎండ కాసింది.
అన్నిచోట్లా బండి బాగుంది.

పక్క చేలో కాపలా ఉన్న పల్లాలమ్మనడిగి
పురుగుమందు స్ప్రేయరు తెచ్చాను,
మూడుసార్లు కడిగి, మంచినీళ్లు పోసి.
కనెక్టర్ల మీద కొట్టాను, రిలేల మీద కొట్టాను,
అర్ధరాత్రి టార్చి పట్టుకుని
లారీకి తలంటు పోస్తున్న నన్ను చూసి
క్లీనరు కుర్రాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.
ఏమీ కాలేదు.
మీటరు పెడితే ఇరవై నాలుగు.
ఎక్కడ పెట్టినా ఇరవై నాలుగు.

బీడీ సగం కాలాక తట్టింది.
వానలో తడవడం ఒక్కటే కాదు కదా,
వానలో అన్నీ వేస్తాం!
ఒరే అబ్బాయ్, క్యాబిన్ ఎక్కు.
హెడ్‌లైటు వెయ్యి, వైపరు వెయ్యి,
అద్దం మంచుకి బ్లోయరు వెయ్యి,
పార్కింగు, ఫ్యాను, నీ పాటల పెట్టె కూడా.

వేశాడు.
బ్యాటరీ దగ్గర ఒక పిన్ను,
ఫ్యూజుల పెట్టె దగ్గర ఒక పిన్ను.
సున్నా ఉండాల్సిన చోట ఆరు.
ఆరు వోల్టులు దారిలోనే ఎవరో తినేస్తున్నారు.

పది పోగుల్లో ఒక్కటి మిగిలినా
మీటరుకి ఇరవై నాలుగే చెబుతుంది తీగ.
అడిగితే చెప్పదు,
బరువు పెడితేనే బయటపడుతుంది.

క్యాబిన్ ఎత్తించి, ఛాసిస్ కింద వెల్లకిలా దూరి
వేళ్లతో తడుముకుంటూ పోయాను.
క్లాంపు దాటిన బెత్తెడు దూరంలో
తీగ ఉబ్బి ఉంది, నాడి లేని నరంలా.
బ్లేడుతో చీరితే
రాగి లేదు.
పచ్చటి చిలుం, పొడి పొడిగా నా కంట్లో పడింది.
మూడు పోగులు, అంతే,
ఇంత బండినీ మోసుకొస్తున్నవి.

వాన చేసిన పనే. ఈ వాన కాదు,
వెనకటి రెండేళ్ల వానలు, ఐసు నీళ్లు,
ఒక్కో చుక్కా ఈ దారినే లోపలికెళ్లాయి:
సూది మోపిన చిల్లు.
టెస్టు ల్యాంపు గుచ్చి కరెంటు చూసి
పైన టేపు చుట్టి వదిలేసిన చిల్లు.

టేపు సగం ఊడి వేలాడుతోంది.
ఎర్ర టేపు. చివర కాస్త మడతపెట్టి ఉంది,
రేపెవరైనా విప్పాలంటే గోరు దొరికేలా.

అలా మడత పెట్టేవాణ్ని
ఈ రోడ్డు మీద ఒక్కణ్నే చూశాను.

చాలాసేపు కిందనే ఉండిపోయాను.
ఏమైందండీ, అని పైనుంచి లోవరాజు.
రెండేళ్ల కిందట తణుకులో ఆగావా, అన్నాను.
ఆగానండి, హారన్ మోగట్లేదని.
ఆ చిల్లు నాదే, అన్నాను.
కాసేపు ఐసు నీళ్ల చప్పుడు.
తర్వాత అన్నాడు:
ఆ రోజూ వంద తీసుకున్నారండి, ఆయ్!

కుళ్లినంత మేరా కోసేశాను,
కొత్త తీగ వేసి, టంకం పెట్టి,
స్లీవు వేడిచేసి బిగించి, గ్రీజు పూశాను.
అన్నీ వేయించాను మళ్లీ.
ఆరు పోయి, దశాంశం తర్వాత ఒక ఒకటి మిగిలింది.
డబ్బు పుచ్చుకోలేదు. అతనూ బతిమాలలేదు.

బండి బ్రిడ్జి ఎక్కే వేళకి వాన మళ్లీ అందుకుంది.
వశిష్ఠ మీద ఆ రెండు ఎర్రదీపాలు
కునుకుతాయేమోనని చూస్తూ తడిసిపోయాను.

టెస్టు ల్యాంపు సూది వైజులో పెట్టి వంచేశాను.
టేపు మాత్రం ఈసారీ
చివర మడతపెట్టే చుట్టాను.